అత్త తిన్న ఆపిల్ కేకు

ఆ రోజుల్లో నేను నిజం చెప్పినా నమ్మే నాథుడు లేడు. తప్పు జనానిది కాదు. వరదలో ఉన్న నాగావళిని ఒంటిచేత్తో ఈదాననీ, రెండో చేత్తో గొడుగు పట్టుకున్నాననీ చెప్పుకు తిరిగేవాణ్ణి (గొడుగు మాట నిజం, ఈదడమే కాస్త కల్పన). అలాంటివాడికి జీవితంలో ఒక్కసారి నిజం అవసరపడితే ఎంత కష్టమో ఆపిల్ కేకు వల్ల తెలిసింది.

ఎచ్చెర్లలో గుమాస్తాగా చేరిన కొత్త. నన్ను పెంచిన మేనత్త బొబ్బిలిలో ఉండేది. గుడ్డు ఆవిడ పుట్టి బుద్ధెరిగి ముట్టలేదు. కాశీ వెళ్లినప్పుడు తనకు ప్రాణమైన పాలను కూడా వదిలేసి వచ్చింది. వాటితోపాటే పెరుగు, నెయ్యి, కోవా పోయాయి. కిందటేడు తన పుట్టినరోజుకి పిల్లలు బేకరీ కేకు తెస్తే కోసి, అందరికీ పంచి, తాను చేతులు కడుక్కుంది. అది చూశాక, అరవయ్యో పుట్టినరోజుకి ఆవిడ తినే కేకు నేనే చేస్తానని పంతం పట్టాను.

గుడ్డు చేసే పని ఉడికించి మెదిపిన ఆపిల్ గుజ్జు చేస్తుందనీ, పాలూ వెన్నా బదులు నీళ్లూ నూనే చాలనీ మా క్యాంటీన్ వంటాయన చెప్పాడు. నా గదిలో ఓవెన్ ఎక్కడిది? కుక్కర్లో ఇసుక పోసి, వెయిటూ రబ్బరూ తీసేసి మొదలుపెట్టాను. మొదటి కేకు పొత్రంలా వచ్చింది. రెండోది గరిటెజారుగా ఉండిపోయింది. మూడోసారికి నూనె అయిపోతే, అలమరలో ఉన్న మరో నూనె సీసా వంచేశాను (ఆ వారమంతా నాకు జలుబు, లేకపోతే ఈ కథే లేదు). అది పొంగిందండీ, దూదిలా! బొబ్బిలి దాకా బస్సులో ఒళ్లో పసిబిడ్డలా పెట్టుకుని వెళ్లాను.

అంత బాగా రావడమే కొంప ముంచింది. మావయ్య ఓ ముక్క కోసి, వేలితో నొక్కి చూశాడు.

“గుడ్డెయ్యకుండా ఇంత గుల్లగా వస్తాదేటి? ఒసే, తినకు. బేకరీలో కొని డబ్బా మార్చినాడు.”

“నేనే చేశాను మావా, ఒట్టు!”

“నీ ఒట్లకేటి, నాగావళి కూడా ఈదినావు కదా!”

అత్త నా మొహం కేసి చూసింది. “నిజం సెప్పు నాయినా. కొన్నా ఏటీ అనుకోను. కానీ తింటే నా కాశీ పోతాది.”

మళ్లీ ఒట్టు వేయబోయి ఆగాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్త జాలిపడి ముక్క అందుకుంది, వాసన చూసింది. ఇంకోసారి చూసింది. పకాలున నవ్వింది.

“ఒరే, ఇది నేనిచ్చిన నూనె కాదేటిరా! మాగాయలోకి ఇంగువేసి కాసినాను, పచ్చడన్నంలో ఏసుకోమని నీకూ సీసాడిచ్చినాను. ఏవండీ, ఏ బేకరీవోడు ఏస్తాడండీ కేకులో ఇంగువ?”

మావయ్య వాసన చూసి, డబ్బా అత్త ముందుకు జరిపాడు. అత్త నోట్లో పెట్టుకుంది. “మెత్తగున్నాదిరా,” అంది. పళ్లెంలో రాలిన పొడి కూడా వేలికి అద్దుకుని తింది.

ఇప్పుడు మా ఇంట్లో ఓవెన్ ఉంది, కేకులూ సువాసనగానే వస్తున్నాయి. కానీ ఆ సాయంత్రం తిరుగుబస్సులో ఖాళీ డబ్బా పట్టుకుని ఛాతీ విరుచుకు కూర్చున్న కుర్రాణ్ణి తలచుకుంటే ముచ్చటేస్తుంది. పక్క సీటాయనకు, “మా అత్త రెండు ముక్కలు తిందండీ,” అని చెప్పాను. నిజానికి మూడు తింది. మూడంటే నమ్మడని తగ్గించాను.