మందు సీసాలో చెమట

ఈ ఉదయం పది దాటాక కరెంటు పోయింది. మా ద్వీపంలోని మిడిల్ పాయింట్‌లో నేను అద్దెకుంటున్న గదికి సరిగ్గా పైన ఇంటివాళ్ళ కోడలు స్కిప్పింగు చేస్తోంది. ప్రసవమయ్యాక ఒళ్ళు వచ్చిందని ఆమె బాధ. ఫ్యాను ఆగినా ఆమె ఆగలేదు. ఏప్రిల్ నెల, గాలి కదలడం లేదు, గోడకు చెయ్యి ఆనిస్తే తడి అంటుతోంది. చదువుతున్న పుస్తకంలో వేలు పెట్టుకుని, నాకు తెలియకుండానే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నూట పన్నెండు దగ్గర చప్పుడు ఆగింది. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. కుండలో గ్లాసు ముంచిన చప్పుడూ, ఆమె ఎవరితోనో నవ్విన చప్పుడూ వినిపించాక గానీ మళ్ళీ చదవలేకపోయాను. అలాంటి చప్పుడు హఠాత్తుగా ఆగిపోతే నాకు ఇప్పటికీ భయం. ఎందుకో చెప్పాలంటే నా పదిహేడో ఏట మా ఇంట్లో గడిచిన కొన్ని వారాల గురించి చెప్పాలి. నోటితో చెప్పడం నాకు ఎన్నడూ చేతకాలేదు. అందుకే రాస్తున్నాను.

నాన్న ద్వీపాల మధ్య తిరిగే బోటులో గ్రీజరు. అంటే ఇంజనుకు నూనె పోస్తూ, అది వేడెక్కకుండా కనిపెట్టుకుని ఉండే మనిషి. తాతయ్య సిక్కోలు తీరం నుంచి ఒక ట్రంకుపెట్టె, ఒక పాటల పుస్తకం పట్టుకుని ఓడెక్కి ఇక్కడికి వచ్చాడట. నాన్న ఇక్కడే పుట్టి, పద్దెనిమిదో ఏట ఇంజను రూములోకి దిగి, యాభై దాటేదాకా అక్కడే ఉన్నాడు. భారీ మనిషి. ఫీనిక్స్ బే జెట్టీ మీద ఆయన అడుగు పెట్టగానే వెనక బోటు బెత్తెడు పైకి లేస్తుందని తోటివాళ్ళు నవ్వేవారు, ఆయన వాళ్ళకంటే గట్టిగా నవ్వేవాడు. ఆ ఏడు మాత్రం ఏటా జరిగే వైద్య పరీక్షలో డాక్టరు నవ్వలేదు. ఎనిమిది కిలోలు తగ్గి రమ్మని, అప్పటిదాకా బోటెక్కవద్దని కాగితం మీద రాసి ఇచ్చాడు. గడువు ఆరు వారాలు. అప్పటికీ తగ్గకపోతే ఇంజను పని పోతుంది, దాంతోపాటు మేముంటున్న క్వార్టరు కూడా పోతుంది, ఎందుకంటే అది బోటు పనివాళ్ళకు ఇచ్చే ఇల్లు. ఆ కాగితాన్ని నాన్న బైబిలు అట్ట లోపల దాచాడు. ఇంటికి ఎవరైనా వస్తే, శ్రమ దినాల్లో ప్రార్థన చేసుకోవడానికి సెలవు పెట్టానని చెప్పేవాడు.

అది అచ్చంగా అబద్ధం కూడా కాదు. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలం, శ్రమ దినాలు, ఆ వారమే మొదలయ్యాయి. ఆదివారాలు తీసేస్తే నలభై రోజులు మా ఇంట్లో పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. అమ్మ గోడమీది క్యాలెండరులో వేలు పెట్టి లెక్క చూసింది. డాక్టరు గడువూ, ఉపవాసమూ ఇంచుమించు ఒక్కసారే ముగుస్తున్నాయి. ఆమె ముఖం వెలిగిపోయింది. "సూసారా? ఒక్క ఉపాసంతో అటు దేవుడూ ఖుష్, ఇటు డాగ్దరూ ఖుష్" అంది. నాన్నకు ఆ మాట బాగా నచ్చింది. అప్పటికప్పుడు ఇద్దరూ మోకరించి, ఈ నలభై రోజుల్లో పగలు ఒక్క చుక్క నోట్లో పోయనని ఆయన, పోయనివ్వనని ఆమె మొక్కుకున్నారు.

వ్యాయామానికి నాన్న ఎంచుకున్న వేళ ఉదయం పది గంటలు. ఆ వేళకి మా వరుసలోని మగవాళ్ళంతా డ్యూటీకి వెళ్ళిపోతారు, గంతులేస్తే వినేవాళ్ళు ఉండరు. సరిగ్గా అప్పుడే ఎండ మా రేకుల కప్పు మీదకు ఎక్కుతుంది. వెనకగదిలో చెక్క కిటికీలు రెండూ మూసి గడియ పెట్టేవాడు. ఫ్యాను కట్టేసేవాడు, ఫ్యాను గాలికి చెమట ఆరిపోతుందని, చెమట రాకపోతే కొవ్వు కరగదని. వానాకాలం డెక్కు మీద వేసుకునే రబ్బరు రెయిన్‌కోటు తొడిగి, మెడదాకా గుండీలు పెట్టేవాడు. దానికి డీజిలు వాసన. ఆ కోటుతో ఉన్నచోటే వెయ్యి అడుగుల పరుగు, తర్వాత రెండు వందల గుంజీలు. మధ్యలో చెయ్యెత్తితే కోటు చేతుల్లోంచి చెమట ధారగా కిందకు కారేది. నేను గుమ్మంలో పీట మీద కూర్చుని అంకెలు పైకి చదవాలి. ఎవరి ముందూ నోరు విప్పని నాకు ఇంట్లో దొరికిన ఒకే ఒక్క మాట్లాడే ఉద్యోగం అది.

ఇంకో పని కూడా ఉండేది. వ్యాయామం అయ్యాక నాన్న బనీనూ తువ్వాలూ విప్పి ఇస్తే, వాటిని గిన్నెలోకి పిండి, ఆ చెమటను మందు సీసాలో పోసి కొలవాలి. ఆ రోజుల్లో ఆసుపత్రి కాంపౌండరు మిక్స్చరు ఇచ్చే సీసాకి కాగితం ముక్కను పళ్ళు పళ్ళుగా కత్తిరించి అంటించేవాడు, ఒక్కో గీతకు ఒక్కో మోతాదు. మా ఇంట్లో దగ్గు మందు అయిపోయిన పెద్ద సీసా ఒకటి ఉండేది, పన్నెండు గీతలది. మొదటి రోజు ఏడు గీతలు వచ్చింది. నాన్న ఆ సీసాను వెలుగులో పెట్టి, బంగారం చూసినట్టు చూశాడు. "ఇదంతా కొవ్వేనే అమ్మీ. ఇంజన్లోంచి పాత నూనె తీసినట్టు తీసేస్తన్నాం. రాయ్, రాయ్." నేను నా డైరీలో రాసేదాన్ని. పదిహేడేళ్ళ అమ్మాయి డైరీలో ఉండవలసినవి చాలా ఉంటాయి, నా డైరీలో మాత్రం ఆ ఏడు తండ్రి చెమట ఉంది.

మా ఊరి గాలి గురించి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఇక్కడ ఎండ కంటే గాలిలోని తడి ఎక్కువ బాధపెడుతుంది. జాడీలో ఉప్పు నీరుగారిపోతుంది, అగ్గిపుల్ల గీస్తే మందు మెత్తగా ఊడుతుంది, పాటల పుస్తకాలు ఉబ్బి అట్టలు మూసుకోవు. ఆరేసిన గుడ్డ సాయంత్రానికి కూడా చల్లగా తగులుతుంది. మంచం కింద దాచుకున్న నా పుస్తకాలకు బూజు పట్టేది, వారానికోసారి వాటిని తుడవడమే నా వినోదం. వాటిలో అట్ట ఊడిన పాత ఆరోగ్య పుస్తకం ఒకటి ఉండేది. స్కూలు లైబ్రరీలో పారేస్తుంటే అడగడానికి సిగ్గుపడి, అడక్కుండానే తెచ్చుకున్నాను. అందులో ఇలా ఉంది: గాలిలో తడి ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. శ్రమ చేస్తున్న మనిషికి చెమట తగ్గిపోతే దాన్ని ప్రమాదంగా ఎంచాలి. ఆ వాక్యాన్ని మూడోవారంలో ఒక మధ్యాహ్నం చదివాను. అప్పటికి నాన్న పదకొండు గీతలు పోస్తున్నాడు కాబట్టి ఊరట పడి పేజీ తిప్పేశాను. ఇంజను రూములో ముప్పై ఏళ్ళు ఉడికినవాణ్ణి రేకుల గది ఏం చేస్తుందని ఆయన రోజూ అనేవాడు, నేనూ అదే నమ్మాను.

ఆ రహస్యానికి దగ్గరగా వచ్చినవాడు పక్కింటి భయ్యా ఒక్కడే. రాంచీ నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది, నాన్న బోటులోనే ఆయన కింద పనిచేసేవాడు. నాన్న దిగితే ఆ చోటు అతనిదే, అందుకే నాన్నకు అతనంటే గుబులు. రాత్రంతా సాగే డిగ్లీపూర్ ట్రిప్పు తిరిగొచ్చిన రోజుల్లో అతను పగలు ఇంట్లో పడుకునేవాడు. మా రెండిళ్ళకీ మధ్య గోడ ఒక్క వరస చెక్క. ఒకరోజు పరుగు మధ్యలో ఆ చెక్కల అవతల నుంచి వినిపించింది: "క్యా చాచా! రోజూ పదింటికి ఇంట్లో మసాలా దంచుతున్నారు, మాకు మాత్రం ఒక్క ముక్క రాదే!" నాన్న ఒంటికాలి మీద ఆగిపోయి, ఆయాసం దిగమింగుకుని అరిచాడు. "మా పిల్ల పెళ్ళికి పిండి కొట్టిస్తన్నాంరా భయ్యా, పక్కా! మొదటి అరిసె నీకే!" నేను సిగ్గుతో అంకె మరచిపోయాను. నాన్న మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

శనివారం శనివారం కొబ్బరి కొట్టులో బస్తాలు తూచే కాటా ఎక్కి బరువు చూసుకునేవాడు. నిజంగానే తగ్గేది. సాయంత్రం చేపల పులుసుతో తిన్నాక ఎంత తిరిగొచ్చేదో ఎవరూ తూచలేదు. నాలుగో వారం దాటాక ఆయన ముఖంలో ఎముకలు తేలాయి, పెదవులు చీలాయి, ప్రార్థన పాటలో గొంతు బొంగురుపోయింది. అమ్మ దాన్ని ఉపవాస మహిమ అంది. ఆరో వారం మొదట్లో బోర్లించిన కుండలా ఉండే ఆయన బొజ్జ మెత్తగా వేలాడింది. ఆ వారం గురువారం సీసాలో ఆరు గీతలే పడ్డాయి. శుక్రవారం ఐదు. శనివారం మూడు. మర్నాడు ఈస్టరుకు ముందరి మట్టల ఆదివారం, వ్యాయామం లేదు; గుడిలో కొబ్బరి మట్ట పట్టుకుని నిలబడ్డ నాన్న రెండుసార్లు ముందు బల్లను పట్టుకోవడం చూశాను. సోమవారం సీసా అడుగు తడిసిందంతే. ప్రతిరోజూ రాశాను. ప్రతిరోజూ ఆ పుస్తకం తీసి అదే వాక్యం చదివి, మళ్ళీ మంచం కిందకు తోశాను. అమ్మతో చెబుదామని వంటింటి గుమ్మందాకా వెళ్ళి, చీపురు కోసం వచ్చినట్టు చీపురు పట్టుకుని తిరిగొచ్చాను.

సోమవారం ఒక పని మాత్రం చేశాను. పరుగు మొదలుపెట్టే ముందు గ్లాసెడు నీళ్ళు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. ఆయన గ్లాసునీ నన్నూ చూసి చీలిన పెదవులతో నవ్వాడు. "ఏటే, సైతాను ఈ ఏడు మా పిల్ల రూపంలో వచ్చిందేటి? ఇంకా ఆరు రోజులే గదా." గ్లాసు తీసి కిటికీ సందులోంచి బయటి మిరప మొక్కకు పోసేశాడు. ఆ గ్లాసుతో నా ధైర్యం కూడా అయిపోయింది.

మంగళవారం బనీను పిండితే ఒక్క చుక్క రాలేదు. ఇంకోసారి మెలితిప్పాను. ఇచ్చిన గుడ్డ ఇచ్చినట్టే ఉంది, దాని మీద ఉప్పు తెల్లగా కట్టింది. నాన్న బనీను లాక్కుని చూసి, పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "అయిపోయిందే! కొవ్వంతా అయిపోయింది! ఇంక తియ్యడానికేటీ లేదు!" అమ్మ పరుగున వచ్చి స్తోత్రం చెబుతూ కింద కూర్చుండిపోయింది. సంతోషానికి ఇంకో ఐదు వందలు చేస్తానని నాన్న మళ్ళీ కోటు తొడిగాడు. గుండీ పెట్టడానికి సాయం చేస్తుంటే ఆయన మెడ నా వేళ్ళకు తగిలింది. పొయ్యి మీంచి అప్పుడే దింపిన పెనంలా, పొడిగా, చురుక్కుమంది. నేను అంకెలు చదువుతున్నాను. తొంభై దగ్గర ఆయన అడుగులు అంకెలతో కలవడం మానేశాయి. నా వైపు తిరిగి చాలా మామూలుగా, డ్యూటీలో ఉన్నట్టు అన్నాడు: "మూడో సిలిండరు ఎర్రగా అయిపోతంది. నూనె పొయ్యి, జల్దీ." తర్వాత చప్పుడు ఆగిపోయింది.

నేను ఎప్పుడూ అరవలేదు, ఎలా అరవాలో తెలియదు. కిటికీ గడియ తీసి నోరు తెరిస్తే ఏదో వచ్చింది. "భయ్యా! పానీ!" అన్నానని తర్వాత వాళ్ళు చెప్పారు. ఆ రోజు అతను ఇంట్లో ఉన్నాడు. లుంగీతోనే పరిగెత్తుకొచ్చి, రెయిన్‌కోటు గుండీలు తెంపి లాగేసి, నాన్నను వాకిట్లో నీడకు ఈడ్చాడు. మాకు కుళాయి మూడు రోజులకోసారి వచ్చేది. ఆ మూడు రోజుల నీళ్ళున్న డ్రమ్ము మొత్తం ఆయన మీద పోశాడు, నన్ను చాపతో విసరమన్నాడు. అమ్మ చేతులు నలుపుకుంటూ వెనకాలే తిరిగింది. "నోట్లో పడనియ్యకు బాబూ, ఇంకా సాయంత్రం కాలేదు" అంది. అతను తలెత్తకుండా, "చాచీ, సాయంత్రందాకా మనిషుండాలి కదా!" అన్నాడు. అమ్మ ఆ మాట విని డ్రమ్ములో అడుగున మిగిలిన నీళ్ళను తన చేత్తోనే తోడి తెచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరు అన్నిటికంటే ముందు అడిగింది ఒక్కటే: చెమట ఎప్పటి నుంచి తగ్గింది? అమ్మ నా వైపు తిరిగింది, భయ్యా నా వైపు తిరిగాడు. లెక్కలు రాసేది నేనే కదా. గురువారం నుంచి అంటే, మరి ఇంతవరకు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. "ఆజ్ సే" అన్నాను, ఈరోజు నుంచే అని. జీవితమంతా నోట్లోంచి మాట రావడానికి అవస్థ పడినదాన్ని, ఆ అబద్ధం మాత్రం తడబడకుండా వచ్చింది. ఆయన తలాడించి రాసుకున్నాడు. గురువారం నుంచని చెప్పి ఉంటే వైద్యం వేరేగా చేసేవారేమో నాకు తెలియదు. అడగలేదు.

పన్నెండు రోజులకు నాన్న ఇంటికి వచ్చాడు. ఎనిమిది కిలోల కంటే ఎక్కువే తగ్గాడు గానీ ఆ ఒళ్ళు ఇక వేడి దగ్గర నిలవదన్నారు. ఇంజను రూము భయ్యాకు వెళ్ళింది. ఆ కబురు చెప్పడానికి అతనే వచ్చాడు. ఇంజను రూములో సముద్రపు గాలిని కిందకు తెచ్చే పెద్ద గొట్టం ఉంటుందనీ, అరగంటకోసారి నాన్నే అందరినీ పైకి తోలి నీళ్ళు తాగించేవాడనీ ఆ రోజు అతని నోట విన్నాను. జెట్టీ గేటు దగ్గర టికెట్లు చింపే పని నాన్నకు ఇచ్చారు. క్వార్టరు ఖాళీ చేసి అద్దె ఇంటికి మారాం. అమ్మ ఉపవాసం మానలేదు, కానీ పగలు నాన్నకు తనే నీళ్ళు అందిస్తుంది, ఆయన తాగేదాకా అక్కణ్ణించి కదలదు.

నాన్నకు ఆ నలభై రోజుల్లో ఏదీ గుర్తు లేదు. డాక్టరు కాగితం గుర్తుంది, ఆసుపత్రి కప్పు గుర్తుంది, మధ్యలో ఏమీ లేదు. పోయిన ఆదివారం వెళ్ళినప్పుడు కూడా అడిగాడు. "అప్పుడు ఏటేటి సేసేనే అమ్మీ? నువ్వు రాస్తావు గదా, ఓసారి సదువు." రాయలేదు నాన్నా అన్నాను. పిల్లకు బద్ధకం అని అమ్మతో చెప్పి నవ్వాడు, మునుపటిలాగే పెద్దగా. ఆయనకు అరవై నిండాయి, రిటైరయ్యాడు, ఆ ఏడాదిని హాయిగా దాటుకుని వెళ్ళిపోయాడు. నేను మాత్రం సీసాలో ఆరు గీతలే పడిన ఆ గురువారం ఉదయం దగ్గర కూర్చుని ఉన్నాను, అది ఇంకా శుక్రవారం కాలేదు.