పొగమంచు ద్రాక్షకు కత్తెర

రామసుబ్బమ్మ అనంతపురం దగ్గరి ద్రాక్షతోటల్లో పద్నాలుగేళ్లు కూలి చేసింది. గుత్తుల్లో కాయలు పలచన చేయడం, పిలకలు గిల్లడం, కోతల్లో గంపలు మోయడం ఆమె పని. తీగ కత్తిరించే పని మాత్రం ఒక్కసారీ చేయలేదు. అది మగవాళ్లది. మేస్త్రి కత్తెరతో ముందు నడిస్తే ఆడవాళ్లు వెనక కొమ్మలు ఏరుకుంటూ వెళ్లేవారు.

బోర్లు ఎండి తోటలు కొట్టేశాక ఆమె మస్కట్ వచ్చింది. అక్కడి అల్ ఖువైర్ పేటలో పావోలా అనే ఇటలీ ఇంజనీరు ఇంట్లో వంట, ఇంటిపని చూసేది. భార్య పోయాక పావోలా తండ్రి బ్రూనో కూడా కూతురి దగ్గరికి వచ్చేశాడు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. ఇటలీ ఉత్తరాన పియెమోంతే కొండల్లో చిన్నప్పటి నుంచి ద్రాక్ష పండించినవాడు. కాగితాలన్నీ చేయించి మూడు ద్రాక్ష మొక్కలు వెంట తెచ్చుకున్నాడు. భార్యాభర్తలిద్దరూ కలిసి నాటిన తోటలోని తీగల అంట్లు అవి. ఇంటి వెనక ఇనుప పైపులతో పందిరి వేయించి వాటిని నాటాడు.

పందిరి చూడగానే రామసుబ్బమ్మకు ప్రాణం లేచి వచ్చింది. ఆయనను బాబా అని పిలిచేది. ఆయన ముక్కల ఇంగ్లీషు, ఆమె సగం హిందీ. అయినా మాటలు సాగేవి.

"మా దగ్గర వైన్‌కు చాలాసార్లు ఊరి పేరే పెడతారు," అని చెప్పేవాడు సాయంత్రం గ్లాసు ముందు పెట్టుకుని. "బరోలో అంటే మా పక్క ఊరు. కియాంతి అంటే తోస్కానా అనే ప్రాంతంలో కొండల పట్టు. ద్రాక్ష పేరు వేరు. కియాంతికి సాంజోవేసే. మా బరోలోకు నెబ్బియోలో, ఇదిగో ఈ తీగే. నెబ్బియా అంటే పొగమంచు. కొండల మీద మంచు దిగే అక్టోబరులో పండుతుంది."

పిండిన రసాన్ని మూడేళ్లు దాటేదాకా అమ్మరని ఆయన చెబితే ఆమె నోరు తెరిచింది.

"అన్నేళ్లు ఎందుకు బాబా?"

"కుర్ర వైన్‌కు వగరు ఎక్కువ. నాలుక పట్టేస్తుంది. పీపాలో కూర్చుంటే మెత్తబడుతుంది."

గ్లాసు వాసన చూడమన్నాడు. ఆమె తాగదు గానీ ముక్కు దగ్గర పెట్టుకుంది. కొత్తగా తారు వేసిన రోడ్డు పక్కన ఎవరో గులాబీలు అమ్ముతున్నట్టుంది అంది. ఆయన పడి పడి నవ్వాడు. మా వాళ్లూ అదే మాట అంటారన్నాడు.

మూడేళ్లకు తీగలు పందిరి కప్పాయి. కాయ మాత్రం రాలేదు. ఇటలీలో చలికి ఆకు రాలి తీగ నిద్రపోతుంది. అప్పుడు తీగను కత్తిరిస్తారు. ఇక్కడ చలీ లేదు, నిద్రా లేదు. "ఆకు రాలనివ్వు. రాలకముందు కత్తెర పెట్టకూడదు," అనేవాడు బ్రూనో. తమ తోటల్లో ఏడాదికి రెండుసార్లు, నిద్ర కోసం చూడకుండా తీగ కోసేవారని రామసుబ్బమ్మకు తెలుసు. పెద్దాయనకు ఎదురు చెప్పడం బాగుండదని ఊరుకుంది.

జనవరిలో గుండె ఆపరేషన్ కోసం ఆయన ఇటలీలోని తొరీనో వెళ్లాడు. రోజూ ఫోన్‌లో తీగలు చూపించమనేవాడు. వెళ్లిన వారానికే ఒక తీగ నిలువునా ఎండింది. మిగతా రెంటికీ ఆకు అంచులు మాడి, రెమ్మలు సన్నబడుతున్నాయి. రామసుబ్బమ్మ ఎండిన తీగ కనపడకుండా ఫోన్ పక్కకు తిప్పి పట్టుకునేది. ఆయనకు బీపీ తగ్గక ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. ఇప్పుడేమీ చెప్పొద్దని పావోలా కూడా అంది.

పక్క ఇంట్లో పనిచేసే కడప అమ్మాయి ఖతీజాతో గోడ దగ్గర మొరపెట్టుకుంది.

"తీగ అంత ఆకును మోయలేకుండా ఉండాది మే. కోస్తే బతుకుతాదేమో అనిపిస్తాంది."

"నువ్వు ముట్టుకోవాకక్కా," అంది ఖతీజా. "దానంతట అది చస్తే ఎండకు చచ్చిందంటారు. కోసినాక చస్తే నువ్వు చంపినావంటారు. నీ వీసా వాళ్ల చేతిలో ఉండాది."

 రామసుబ్బమ్మ రెండు రోజులు పందిరి కింద తిరిగి, మూడో రోజు తీగలు కోయనా అని పావోలాను అడిగింది.

"నీకు కోయడం వచ్చా?"

"చూసినాను మేడమ్. కోయలేదు."

పావోలా చాలాసేపు తండ్రి కుర్చీ వైపు చూసింది. "ఎలాగూ చచ్చిపోతున్నాయి కదా. కోసెయ్," అని లోపలికి వెళ్లిపోయింది.

మేస్త్రి చేయి ఎలా కదిలేదో గుర్తు చేసుకుంటూ రామసుబ్బమ్మ ఆకంతా దూసేసింది. ప్రతి రెమ్మకూ రెండేసి చిగురు కళ్లు ఉంచి కోసింది. ప్రతి కోత నుంచీ నీళ్లు కారాయి. ఊళ్లోనూ కారేవి. అయినా ఆ చుక్కలు చేతి మీద పడ్డప్పుడల్లా ఆమె కత్తెర ఆపి కోత వైపు చూసేది.

పన్నెండు రోజులైనా కన్ను మెదల్లేదు. ఆ రోజులన్నీ వంటపని సాకు చెప్పి పందిరి చూపించకుండా దాటవేసింది. ఈసారి ఫోన్ వచ్చినప్పుడు సాకు చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు ఉదయమే ఆయనకు ఆపరేషన్ అని తెలుసు. అబద్ధం మీద ఆయనను పంపడం ఆమె వల్ల కాలేదు. మోడు పందిరి మొత్తం చూపించింది.

"ఒకటి ఎండిపోయింది బాబా. తక్కినవి నేనే కోసినాను. మేడమ్‌ను ఏమీ అనొద్దు."

ఆయన ఫోన్‌ను కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు. ఆసుపత్రి దిండు మీద ఆ ముఖం పాలిపోయి ఉంది.

"ఎన్ని కళ్లు ఉంచావు?"

"రెండు."

"నెబ్బియోలోకు కింది కళ్లలో కాయ ఉండదు. ఎనిమిదో పదో ఉంచాలి."

"అయితే చంపేసినానా?"

"అది ఇక్కడి నుంచి నేనెలా చెప్పను? దగ్గరున్నది నువ్వు. రోజూ చూడు."

మర్నాడు పావోలా ఆఫీసుకు వెళ్లలేదు. ఇద్దరూ వంటగదిలో ఫోన్ మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం దాటాక ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆపరేషన్ అయింది, మనిషి ఇంకా స్పృహలోకి రాలేదు అన్నారు. మూడు రోజులూ అదే మాట చెప్పారు. నాలుగో రోజు ఆయన కళ్లు తెరిచాడు. రామసుబ్బమ్మ పందిరి కిందికి పరుగెత్తింది గానీ అక్కడ ఇంకా ఏమీ లేదు. మరో రెండు రోజులకు ఒక కోత కింద గులాబీ రంగు దూది ముద్దలాగా కన్ను ఉబ్బింది. తర్వాత రెండో తీగకూ ఉబ్బింది.

మార్చి చివర బ్రూనో చేతికర్రతో తిరిగొచ్చాడు. రెండు తీగలూ పచ్చగా ఉన్నాయి. ఒక్క గుత్తి కూడా లేదు. ఒక్కో రెమ్మనూ వేళ్లతో కొలిచి, ఈసారి ఆకు రాలేదాకా ఆగకుండా అక్టోబరులోనే తీగ కోద్దామన్నాడు. కత్తెర నువ్వే పట్టాలన్నాడు.

"అప్పటికి మీరుంటారు కదా బాబా. ఎన్ని కళ్లో పక్కన నిలబడి చెప్పండి."

 బ్రూనో ఎండిన తీగను పీకించి, పక్క తీగ నుంచి పొడవాటి రెమ్మను నేలకు వంచి ఆ గుంతలో పాతించాడు. కొస మాత్రం పైకి ఉంచి కర్రకు కట్టించాడు. అది వేరు పోసి కొత్త తీగ అవుతుందట, తమ కొండల్లో ఖాళీలు ఇలాగే నింపుతారట. జూన్ ఎండలు ఇంకా ముందున్నాయి. రామసుబ్బమ్మ దాని చుట్టూ తడి గోనె చుట్టి, వంట మధ్యలో మూడుసార్లు వచ్చి చూసి వెళ్తోంది.