చిన్నాయన చూపించిన రెండు చార్టులు

మా చిన్నాయన పోయిన కబురు నాకు నడిసముద్రంలో అందింది. ఉదయం డ్యూటీలో ఉండగా కెప్టెన్ నా దగ్గరికే వచ్చి, పక్కన నిలబడి, ఇంటినుంచి మెయిల్ వచ్చిందని మెల్లగా చెప్పాడు. కర్నూలు ఆసుపత్రిలో ప్రాణం పోయిందట. కిందికి వెళ్ళి కాసేపు పడుకోమన్నాడు. నేను వెళ్ళలేదు. ఎదురుగా తెరమీద మా ఓడ గుర్తు చార్టుపై మెల్లగా కదులుతూనే ఉంది. ఆ తెరను చదవడం నాకు నేర్పిన మనిషి ఇక లేడు. తర్వాతి రేవు చాలా దూరం. నేను ఇల్లు చేరేసరికి కర్మలన్నీ అయిపోయాయి.

ఆయన మా నాన్నకు తమ్ముడు. ఆలూరు దగ్గర మెట్టసేద్యం చేసే ఇంట్లో పుట్టి, చిన్నతనమంతా వాన కోసం ఆకాశం చూసి, పెద్దయ్యాక ఓడలెక్కాడు. చాలా ఏళ్ళు సెకండ్ ఆఫీసరుగా చేశాడు. సముద్రంలో ఎక్కడ ఎంత లోతు, ఎక్కడ రాయి, ఎక్కడ దీపస్తంభం అని చూపే పటాలే చార్టులు. ఓడలో వాటి బాధ్యత సెకండ్ ఆఫీసరుది. కాగితపు చార్టుల కాలంలో కొత్త సమాచారం వచ్చినప్పుడల్లా సన్నపాళీ కలంతో, ఊదారంగు సిరాతో దిద్దేవాడు. ఆ అలవాటు ఒడ్డుకు చేరాక కూడా పోలేదు. పెళ్ళిపత్రికలో అచ్చుతప్పు కనబడితే దిద్దందే పక్కన పెట్టేవాడు కాదు. చిన్నమ్మకు నడుము జబ్బు చేశాక ఉద్యోగం మానేసి కర్నూలు పక్కనే కల్లూరులో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. వాళ్ళకు పిల్లలు లేరు.

ఇంటర్ అయ్యాక ఓడల చదువుకు పోతానంటే మా నాన్న ఒప్పుకోలేదు. ఆడపిల్ల, నెలల తరబడి నీళ్ళమీద, అంతమంది మగవాళ్ళ మధ్య. నాన్న భయం నాన్నది. చిన్నాయన బస్సెక్కి ఆలూరు వచ్చాడు. వాదించలేదు. అన్నతో చేనికి పోయాడు, కలిసి సంగటి తిన్నాడు. వెళ్ళే ముందు చెప్పులు తొడుక్కుంటూ ఒక మాటన్నాడు.

"ఆడపిల్ల వచ్చిందని సముద్రం లోతు తగ్గదు, పెరగదన్నా. నేర్చుకుంటే పోయొస్తాది. నేర్పించే పూచీ నాది."

నాన్న ఆ మాటమీదనే ఒప్పుకున్నాడు.

సెలవులకు కల్లూరు పోతే ఆయన అన్నం తినే బల్లమీద ల్యాప్‌టాప్ పెట్టి, ఒకే తీరాన్ని రెండు రకాల చార్టుల్లో పక్కపక్కన తెరిచేవాడు. ఒకటి రాస్టర్, అంటే కాగితపు చార్టును స్కాన్ చేసిన బొమ్మ. రెండోది వెక్టర్. దాంట్లో రాయి, దీపం, లోతు గీత అన్నీ విడివిడి సమాచారంగా ఉంటాయి. మనం కోరినవాటిని యంత్రం తెరమీద గీసి చూపుతుంది. తినేచోట ఇదేందని చిన్నమ్మ విసుక్కుంటూనే ఉగ్గాని ప్లేట్లు మా ముందు పెట్టేది.

నాకు వెక్టరే నచ్చేది. పెద్దది చేసినా అక్షరాలు చెదరవు. చార్టును ఎటు తిప్పినా పేర్లు తిన్నగానే ఉంటాయి. దీపం గుర్తుమీద నొక్కితే దాని వివరమంతా చెబుతుంది. రాస్టర్ అయితే పెద్దది చేస్తే మసకబారుతుంది, తిప్పితే అక్షరాలు తలకిందులవుతాయి. ఈ పాతదాంతో నాకేం పనని ఒకరోజు అడిగాను. ఆయన వెక్టర్ మీద ఒక రేవునుంచి ఇంకో రేవుకు దారి గీయమన్నాడు. తెరనిండా అంకెలు అడ్డంగా ఉన్నాయని లోతు అంకెలు తీసేశాను. ఓడకు ఎంత లోతు కావాలో యంత్రానికి చెప్పే చోట, ఎవరో చిన్న పడవకోసం పెట్టిన తక్కువ అంకెను అలాగే వదిలేశాను. తిన్నగా, అందంగా గీత గీశాను. యంత్రం ఏ అభ్యంతరమూ చెప్పలేదు. ఆయన అదే గీతను రాస్టర్ మీద వేశాడు. అది నేరుగా నీళ్ళలో మునిగున్న రాతిమీదుగా పోయింది.

"నువ్వు చూడకుంటే రాయి యాడికీ పోదు పాపా," అన్నాడు. "ఈ రాస్టరు నువ్వు వద్దన్నా అన్నీ చూపిస్తాది. కానీ ఓడ రాయెక్కతాన్నా నోరు తెరవదు, అది ఉత్త ఫోటో. వెక్టరు అరిచి చెప్తాది. అయితే నీ ఓడ సంగతి దానికి నువ్వు ముందు నిజం చెప్పల్ల."

పాతదే గొప్పని ఆయన ఏనాడూ అనలేదు. ఓడ నడపడానికి వెక్టరే మేలనేవాడు. కానీ దేన్నైనా తెరమీద కనబడకుండా చేసేముందు, ఎందుకు చేస్తున్నానో నన్ను పైకి చెప్పమనేవాడు. ఇప్పటికీ డ్యూటీలో పెదాలు కదుపుతూ చెప్పుకుంటాను.

థర్డ్ ఆఫీసరుగా మొదటిసారి ఓడెక్కేముందు చూడబోతే బాగా చిక్కిపోయి ఉన్నాడు. షుగరు, తిండి తగ్గించినానని చెప్పాడు. ఓడ రేవు చేరినప్పుడల్లా ఫోన్ చేసేదాన్ని. అందరూ తిన్నావా అని అడిగితే ఆయన మాత్రం, "ఈ పొద్దు ఎంత నీళ్ళమీద ఉండావు పాపా" అని అడిగేవాడు. ఓడ కింద ఎంత లోతుందో చెప్తే తృప్తిగా ఊఁ కొట్టేవాడు. ఒకసారి గొంతు సరిగా లేదు. జలుబన్నాడు.

అది కాలేయం క్యాన్సరని ఇంటికొచ్చాక చిన్నమ్మ చెప్పింది. నేను ఓడెక్కకముందే వాళ్ళకు తెలుసట.

"నీకు చెప్తానంటే ఫోను గుంజుకునె. బిడ్డ నడిమధ్యలో దిగొస్తే వాళ్ళ నాయన మళ్ళా ఎక్కనీడు, ఊరుకోమనె," అంది. అని, నా ముఖంకేసి చూడలేక వంటింట్లోకి పోయింది.

నాకు ఆయనమీద కోపమొచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ ఉంది. దేన్నీ ఊరికే మూసేయొద్దని నాకు నేర్పిన మనిషి, తన చావును నాకు కనబడకుండా మూసిపెట్టాడు. చెప్పుంటే వచ్చేదాన్ని. మంచం పక్కన కూర్చుని కాళ్ళు పట్టేదాన్ని. ఆ తర్వాత నాన్న నన్ను మళ్ళీ పంపేవాడా అంటే, బహుశా పంపేవాడు కాదు. అది ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన దుఃఖం తగ్గడం లేదు.

తిరిగి వెళ్ళేముందు ఒక ఉదయం చిన్నమ్మ తుంగభద్ర దగ్గరికి తీసుకుపొమ్మంది. ఆటోలో పోయాం. ఎండాకాలం నది, బండల మధ్య సన్నటి పాయగా పారుతోంది. అస్థికలు కలిపింది ఈడనే అని చూపించింది. కాసేపు చూసి, "ఈ నీళ్ళు సముద్రానికి చేరతాయి గదా?" అని అడిగింది.

ముందు శ్రీశైలం ఆనకట్ట ఉంది. ఆపైన ఇంకా ఆనకట్టలు, కాలువలు, పొలాలు ఉన్నాయి. "చేరతాయి చిన్నమ్మా," అన్నాను.

ఆమె నా భుజం పట్టుకుని, నడుము నొప్పితోనే మెల్లగా వంగి, నీళ్ళలో చెయ్యి పెట్టింది. అరచేత్తో ఆ నీళ్ళను ముందుకు తోసింది. మళ్ళీ తోసింది.