తల్లిని కాదు, రవిని అడిగిన రోజు

పదవీ విరమణకు ముందు ఏడాది వేసవిలో, గుంటూరులో క్లినికల్ సైకాలజిస్టుగా ఉన్న నన్ను ఒక పరిశోధనకు క్షేత్ర పర్యవేక్షకురాలిగా వేశారు. విషయం, ఆటిజం ఉన్న యువతలో ఒంటరితనం. ప్రశ్నలు తయారుచేసే బృందంలో ఆటిజం ఉన్నవారు కూడా ఉండాలన్నది నిబంధన. అలా వచ్చింది కెజియా. అద్దంకి అమ్మాయి, ఇరవై ఆరేళ్లు, మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ పని. ముఖం చూసి మాట్లాడదు, మాటలో మాత్రం తడబాటు ఉండదు.

మొదటి రోజే నా ప్రశ్నపత్రంలో "మీకు స్నేహితులు ఎంతమంది?" అన్నది కొట్టేసింది. "ఏదో ఒక అంకె చెప్పేస్తారు మేడమ్. మిమ్మల్ని ఎవరైనా రమ్మని పిలిచి ఎన్నాళ్లయిందో అడగండి," అంది.

బ్రాడీపేటలో రవి అనే యువకుడి ఇంటికి వెళ్లాం. మాటలు చాలా తక్కువ, రాయగలడు. ప్రశ్న పూర్తి కాకముందే తల్లి అందుకుంది: "వాడికి ఒంటరితనమేంటండీ? ఫోనిస్తే చాలు, మనిషి అక్కర్లేదు." కెజియా వాదించలేదు. ప్రశ్నను కాగితం మీద రాసి రవి ముందు పెట్టి ఊరుకుంది. ఇరవై నిమిషాలు గడిచాయి. నేను రెండుసార్లు గడియారం చూశాను.

రవి రాశాడు: "చెల్లి పెళ్లికి కూడా పిలవలేదు. గదిలో ఉంచారు. సన్నాయి వినపడింది."

తల్లి అది చదివి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నివేదిక సమావేశంలో ప్రధాన పరిశోధకుడు ఇలాంటి జవాబులన్నీ తీసేశారు. తల్లిదండ్రులు చెప్పిందే నమ్మదగిన సమాచారమట! కెజియా పేరును బృందంలోంచి తీసి కృతజ్ఞతల్లో పడేశారు. ఆమె ఎదురుగా కూర్చుని ఉండగానే నన్ను అడిగారు: "ఈ అమ్మాయికి ఇవన్నీ అర్థమవుతాయంటారా?"

నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే కెజియా అంది: "అర్థమవుతున్నాయి సార్. నన్నే అడగొచ్చు."

ఆ నివేదిక మీద సంతకం చేయనన్నాను. పాల్గొన్నవారి జవాబులను వారి మాటల్లోనే వాడతామని సమ్మతి పత్రంలో రాసిచ్చింది మేమే. ఆ పత్రాలు జతచేసి, పరిశోధనల్లో జరిగే తప్పులను విచారించే ఎథిక్స్ కమిటీకి ఇద్దరం ఫిర్యాదు ఇచ్చాం. నాలుగు నెలలు తిప్పించుకున్నారు. చివరికి జవాబులు తిరిగి చేరాయి, కెజియా పేరు పరిశోధకుల వరుసలోకి వచ్చింది. ఆ ప్రధాన పరిశోధకుణ్ణి మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

కోపమంతా ఆయన మీదే చూపిస్తే అబద్ధమవుతుంది. ముప్పై ఏళ్లు నేను కూడా పక్కన కూర్చున్న మనిషిని వదిలేసి, తల్లిదండ్రులు చెప్పిందే కేసు షీట్లలో రాశాను. జవాబు ఆలస్యమైతే జవాబే లేదనుకున్నాను. అలా అనుకునే హక్కు మా వృత్తిలో ఎవరికీ లేదు. అది తెలిసేసరికి నా ఉద్యోగం అయిపోవచ్చింది.