ఐదు నిమిషాల పది సెకన్లు

ఆ కాలంలో, తమిళనాట మా కోవిల్‌పట్టి నేతవీధిలో మనిషి పరిగెత్తాడంటే ఎవరినో పాము కరిచి ఉండాలి, లేదా బస్సు కదిలిపోతూ ఉండాలి. ఊరికే పరిగెత్తేవాణ్ణి వీధి అప్పటిదాకా చూడలేదు. పంతొమ్మిదేళ్ల వయసులో ఆ మొదటివాణ్ణి నేనే. విరుదునగరంలో ఒక నూలుమిల్లు, పరుగుపందేల కోసం ఒక్క కుర్రవాణ్ణి ఎంచుకుని మిల్లులోనే ఉద్యోగం ఇస్తుందని మా మామ వార్త మోసుకొచ్చాడు. మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు, ఐదు నిమిషాల లోపల. నెగ్గితే మిల్లు, లేకపోతే నాయన పక్కన గుంటమగ్గంలో కాళ్లు దించుకుని కూర్చోవడం. నాకా గుంట అంటే భయం. దాంట్లోంచి పైకి లేచినా నాయన నడుము నిటారయ్యేది కాదు.

మామ దగ్గర సెకన్ల ముల్లున్న గడియారం ఉంది కనుక ఆయనే గురువయ్యాడు (ఆయన అర్హత అంతే, ఇంకేదీ వెతక్కండి). మొదటి నెలలో ఆరు నిమిషాల నుంచి ఐదు నిమిషాల పది సెకన్లకు దిగాను. అక్కడే ఇరుక్కుపోయాను. సజ్జ గంజి తాగి పరిగెత్తినా ఐదు పది, ఖాళీ కడుపుతో పరిగెత్తినా ఐదు పది. "నువ్వు మనసు పెట్టి పరిగెత్తలేదురా. రేపటినుంచి ఎనిమిది రౌండ్లు," అన్నాడు మామ. ఎనిమిది పన్నెండయ్యాయి. కాళ్లు కర్రలయ్యాయి గాని ముల్లు మాత్రం కనికరించలేదు.

అప్పుడు మామ గడియారం నా చేతికిచ్చి, ఎట్టయాపురంలో పెళ్లికని వెళ్లి పది రోజులు ఉండిపోయాడు. విసుగెత్తి ఒకనాడు ఒక్క రౌండు ప్రాణం పోయేట్టు పరిగెత్తాను. ఆయాసం తీరేదాకా నిలబడ్డాను. మళ్లీ ఒక్క రౌండు, మళ్లీ నిలబడడం. రోజూ అంతే. ఎనిమిదో రోజు నాలుగు రౌండ్లూ ఆగకుండా పరిగెత్తి చూస్తే ఐదు నిమిషాల మూడు సెకన్లు! (బడి నాకు ఐదో తరగతితో సరి. ఎవరూ నేర్పకుండా నేను కనిపెట్టిన శాస్త్రం ఇదొక్కటే.)

సరిగ్గా మర్నాడే, పది రోజులుగా రాని నూలు వీధికి వచ్చింది. నేను పరిగెత్తే, అన్నాళ్లూ ఖాళీగా ఉన్న మైదానంలోనే మావాళ్లు పొద్దున్నే పడుగు దారాలు సాచి గంజి పట్టించేది. తడి పడుగు దగ్గర ఎవరి చెయ్యీ ఆగకూడదు. ఆగితే పోగులు అంటుకుపోతాయి. అలాంటి జనం ఎదుట నేను ఒక రౌండు తిరిగి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాను.

"ఏమిరా, ఆడనే నిలిచిపోతివి? పోగు తెగెనా?" అంది పక్కింటి పెద్దమ్మ, గంజి కుంచె ఆపకుండానే.

"ఒక చుట్టుకు ఒక రెస్టు కావాల దొరకు. గొడుగు పట్టండి!" అన్నాడు ఆమె కొడుకు.

రెండో రోజు నాయన నన్ను పక్కకు పిలిచాడు. "నలుగురి ఎదర నిలబడొద్దురా. పరిగెత్తేదుంటే పరిగెత్తు. లేదంటే మగ్గంలోకి దిగు." ఆయన కోప్పడి ఉంటే ఎదిరించేవాణ్ణి. తల వంచుకుని అన్నాడు. మూడో రోజునుంచి నేను నిలబడలేదు. ఊరినుంచి వచ్చి సంగతి విన్న మామ కూడా, "నిలిచి నిలిచి పరిగెత్తేది ఒక పరుగా? సోంబేరితనం!" అని తీర్పు చెప్పాడు. మళ్లీ పన్నెండు రౌండ్లు. మళ్లీ ఐదు పది.

విరుదునగరంలోనూ అంతే అయింది, అక్షరాలా. నెగ్గినవాడు శివకాశి పక్క పల్లెవాడు, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే, చొక్కాకు అగ్గిపెట్టెల మందు వాసన. ఎలా నేర్చావని అడిగాను.

"నేర్చేదేముంది అన్నా? ఫ్యాక్టరీ వ్యానులో ఆడోళ్లకే చోటు. నేను వెనకాలనే పరిగెత్తుకొని పనికి పోతా. ఊరూరికి వ్యాను నిలిచి ఆడోళ్లను ఎక్కించుకుంటాది. నేనూ నిలిచి ఆయాసం తీర్చుకుంటా. కదిలితే మళ్లా పరుగే."

అది నేను ఎనిమిది రోజులు చేసిందే అని పక్కనున్న మామ వైపు తిరిగాను. మామ మాత్రం తొణకలేదు. "చూస్తివా? వానికి వ్యాను ఉండాది. మనకేడుంది?" అన్నాడు.

మర్నాడు గుంటలోకి దిగాను. నలభై ఏళ్లు. చాలాకాలం మామను తిట్టుకున్నాను, పెద్దమ్మను తిట్టుకున్నాను, పోయిన నాయనను కూడా వదల్లేదు. కానీ లెక్కగా చూస్తే వీధి నన్ను ఎగతాళి చేసింది రెండే రోజులు. మూడో రోజు కూడా నిలబడి ఉంటే ఏమనేవాళ్లో, అసలు ఏమైనా అనేవాళ్లో కాదో, తెలుసుకునే అవకాశం వాళ్లకు ఇవ్వనిది నేనే.

ఇప్పుడు పొద్దున నడకకు వెళ్లి, ఆయాసమొస్తే ఎవరింటి అరుగు మీదైనా సిగ్గులేకుండా కూర్చుంటాను. ఆ పంతొమ్మిదేళ్లవాడు ఎదురొస్తే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టాలని ఉంటుంది. కూర్చోడు. నాకు వాడి సంగతి తెలుసు. మర్యాదగా తలూపి, నన్ను దాటుకుని, అదే వేగంతో వెళ్లిపోతాడు.