బాల్‌రూమ్‌లో నా ఆడవేషం

ఆ రోజుల్లో మనిషి పైకి రావాలంటే ఇంగ్లీషూ టైయ్యీ ఉంటే చాలనుకునేవాణ్ణి. కాళ్ళు కూడా కావాలని డెబ్బైల చివర తెలిసింది. బందరులో ఉండి, చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి ఎరువులు అమ్మే ఉద్యోగం నాది. మద్రాసు ఆఫీసులో ఒక పోస్టు ఖాళీ అయింది. దాని మీదే నా ప్రాణమంతా. "అక్కడి కంపెనీ పార్టీలో జంటగా డాన్సు చేస్తారయ్యా. పెద్ద దొరగారి భార్యతో నాలుగడుగులు సరిగ్గా వేశావా, పోస్టు నీదే" అన్నాడు మా మేనేజరు. (ఆయనకి డాన్సు రాదు. అందుకే బందరులో ఉండిపోయాడని నా నమ్మకం.)

పార్టీకి గడువు మూడు వారాలు. డాన్సు నేర్పే ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెప్పిస్తే, అందులో అన్నీ పాదాల గుర్తులే, మగవాడివి నల్లగా, ఆడమనిషివి తెల్లగా. అది పట్టుకుని కూచిపూడిలో మా మేనమామ దగ్గరికి పరిగెత్తాను. ముప్ఫై ఏళ్ళు ఆడవేషాలు కట్టి మెప్పించిన మనిషాయన. పుస్తకం తిరగేసి, "ఓస్, ఇంతేనట్రా! ముందు ఆడవేషం పట్టుబడాలి. మగవేషం దానంతటదే వస్తుంది. మేమందరం అలాగే నేర్చుకున్నాం" అన్నాడు. కాదనడానికి నేనెవణ్ణి? రోజూ సాయంత్రం బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. "మెడరా, మెడ! వెనక్కి అడుగేసి ఓరగా చూడాలిరా సన్నాసీ!" మూడు వారాలూ తెల్ల పాదాలతోనే గడిచిపోయాయి. నల్ల పాదాల దగ్గరికి వచ్చేసరికి రైలు టైమైంది.

మద్రాసు హోటల్లో బ్యాండు మొదలైంది. దొరసాని (దొరగారిది కోయంబత్తూరే లెండి) నా ఎదుట నిలబడింది. అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి ఆవిడ భుజం మీద వేసి, ఓరగా చూసి, ఒకడుగు వెనక్కి వేశాను. ఆవిడా వెనక్కే వేసింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అంతే. చివరికి ఆవిడే విసుగెత్తి, నన్ను నడుం పట్టుకుని హాలంతా తిప్పింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చెప్పొద్దూ, ఒక్క అడుగు తప్పలేదు, మెడతో సహా.

పోస్టు ఇంకెవరికో ఇచ్చి, నన్ను అవనిగడ్డకి మార్చారు. ఏడుపొచ్చింది. మావయ్యని నాలుగు మాటలు అడిగేద్దామని కోపంగా కూచిపూడి వెళితే, ఆయన బస్సు దగ్గరే కాచుకుని ఉన్నాడు. ఆడవేషాలన్నీ ఇప్పుడు ఆడపిల్లలకే ఇస్తున్నారట, ఆ ఏడాది ఆయన్ని ఒక్కరూ పిలవలేదట.

"ఏరా, ఎలా పండింది?"

"వన్స్‌మోర్ అన్నారు మావయ్యా."

"ఆడవేషానికేనా?"

"దానికే."

కండువాతో కళ్ళు తుడుచుకుని, "చూశావా! మద్రాసులో ఇంకా గిరాకీ ఉందిరా" అన్నాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎరువులే అమ్మాను గానీ, ఆ రోజు బస్సు దగ్గర అమ్మినంత బాగా నేను అమ్మిన సరుకు ఇంకొకటి లేదు.