మూత పిలిచినప్పుడు

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో కృష్ణకుమారి ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో నేనుంటాను. ఇంటర్‌తో చదువాగిన నాకు ఆవిడే తన టిఫిన్ల పనిలో చోటిచ్చింది. తనకు హెచ్ఐవీ ఉందని, భర్త లక్ష్మీపతి గారు ఆ జబ్బుతోనే పోయారని మొదటి వారమే చెప్పేసింది.

“పారిపోతే ఇప్పుడే పారిపో,” అంది. పోలేదు.

ఏళ్ల తరబడి మందు వాడేవాళ్లు ఎప్పుడు విసుగెత్తి మానేస్తారో కొలవడానికి క్లినిక్ వాళ్లు ఆవిడకో మాత్రల సీసా ఇచ్చారు. సాయంత్రం వేళకు దాని మూత కూస్తుంది. తెరిస్తే ఆగుతుంది. తెరిచిన సంగతి క్లినిక్‌కి చేరుతుంది.

అది కూయగానే ఆంటీ చేతిలో పని వదిలేసి, “వస్తున్నానండీ,” అంటూ లోపలికి వెళుతుంది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

ఒకరోజు క్లినిక్ నుంచి గీతాంజలి ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు వెతుక్కుంటూ మాట్లాడుతుంది.

“ఆంటీ, మెడిసిన్స్‌తో మీకు ఫటీగ్ వస్తుందా? అంటే... అలసట?”

“నాకా? పొద్దుట్నుంచి నిలబడే ఇడ్లీలు దించుతున్నా. అలసటేంటమ్మా!”

“సూపర్ ఆంటీ! మూత కూడా డైలీ ఓపెన్ చేస్తున్నారు. ఫటీగ్‌కి జీరో అని పెట్టేశా.”

నాకు మాత్రం అనుమానమొచ్చింది. నెలాఖరొచ్చినా ఆ సీసా నిండుసీసాలాగే బరువుగా మోగుతోంది.

ఆ సాయంత్రం ఆంటీ వెనకే వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆవిడ మూత తీసి, లోపలికి తొంగిచూసి, “తీశానుగా, ఇంక ఊరుకోండి,” అని మెల్లగా అంది. మళ్లీ మూసేసింది. మాత్ర తీయలేదు.

“ఆంటీ... వేసుకోరా?”

“మూత తీస్తే చాలు, ఆయన ఊరుకుంటారే.”

“ఎవరు?”

“ఇంకెవరు? మీ అంకుల్. బతికున్నప్పుడూ ఇదే గోల. వేసుకున్నావా, వేసుకున్నావా అని.”

ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మందు మానేస్తే జబ్బు మళ్లీ తిరగబెడుతుందని నాకు చెప్పిందే ఆవిడ. పూటపూటా పులిహోరే పెడితే తినేవాళ్లు అనే మాట ఒకటి నోటికొచ్చింది.

“మొహం మొత్తిందా ఆంటీ?”

ఆవిడ సీసా పట్టుకునే మంచం మీద కూలబడింది. “మొత్తింది. చూస్తేనే గొంతు మూసుకుపోతోంది. ఈ మాట ఎవరూ అడగలేదే.”

గీతాంజలికి ఫోన్ కలిపిచ్చాను.

“మొహం మొత్తిందమ్మా, మానేశా. రాసుకో,” అంది ఆంటీ.

“ఫేస్‌కి ఏమైంది ఆంటీ? ర్యాష్ వచ్చిందా?”

ఈసారి నాకూ నవ్వొచ్చింది. ఫోన్ తీసుకుని విడమరిచి చెప్పాను. ఆ అమ్మాయి జీరో కొట్టేస్తున్నానంది.

“రేపే తీసుకురండి. బ్లడ్ టెస్ట్ చేద్దాం. టాబ్లెట్స్ బదులు ఇంజెక్షన్ కుదురుతుందేమో డాక్టర్‌ని అడుగుతా.”

అంతలో మూత మళ్లీ కూసింది. అది దాని వేళ కాదు.

ఆంటీ సీసా వైపు తిరిగి, “విన్నారుగా, చెప్పేశాను. రేపు వెళ్తున్నా,” అంది.

మేమిద్దరమూ మూత ముట్టుకోలేదు. కూత ఆగిపోయింది.